సంసారం బండిలో పొయ్యి

బాయిలోకి దిగే ముందు మనిషి జేబులు తడిమి చూస్తారు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటాం. బీడీ, అగ్గిపెట్టె, లైటర్ ఏదీ లోపలికి పోకూడదు. మేనేజరైనా సరే చేతులు పైకెత్తి నిలబడాల్సిందే. నేను ముప్పై ఏళ్లకు పైగా అలా చేతులెత్తి దిగినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం సర్దార్‌గా పనిచేశాను. సర్దార్ అంటే పేరుకే గొప్ప. షిఫ్టు వాళ్ల కంటే ముందు పని జాగాకు పోయి, పైకప్పు గట్టిగా ఉందా, గ్యాసు చేరిందా అని చూసి, భయం లేదనుకుంటే సుద్దముక్కతో అక్కడే తేదీ, సంతకం వేసేవాడు. ఆ సుద్దరాత చూశాకే మిగతావాళ్లు పనికి చెయ్యి పెడతారు.

అంటే అనుమానపడటానికి నాకు జీతం ఇచ్చారు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, నేను ఆ భూతంతో కలిసి డ్యూటీ చేసి, దాన్ని వెంటబెట్టుకునే రిటైరయ్యాను.

మొదట్లో మా చేతిలో మంట దీపం ఉండేది. చుట్టూ సన్నని జాలీ, లోపల చిన్న మంట. ఒత్తి తగ్గించి దీపాన్ని మెల్లగా, చాలా మెల్లగా పైకప్పు దాకా ఎత్తాలి. గ్యాసు ఉంటే మంట మీద లేత నీలి టోపీ లేస్తుంది. బాయి గ్యాసుకు వాసన లేదు, రంగు లేదు. గాలికంటే తేలిక కాబట్టి పైకి పోయి కప్పును పట్టుకొని ఉంటుంది. తర్వాత అంకెలు చూపించే మిషన్లు వచ్చాయి. అయినా నా చెయ్యి పైకెత్తడం మర్చిపోలేదు. చుట్టాల కొత్తింటికి పోయినా ముందు కప్పు వైపే చూస్తాను. "ఇల్లు ఎట్లుందే?" అని అడిగితే "కప్పు గట్టిగనే ఉంది" అంటాను. గృహప్రవేశం రోజున అనాల్సిన మాట కాదని మా ఆవిడ నా వీపు మీద గిల్లేది.

ఇంట్లో కూడా నా డ్యూటీ ఆగలేదు. పాల ప్యాకెట్ కోసి వాసన చూస్తాను. బజ్జీల బండి దగ్గర నూనె వాసన చూస్తాను. మందుల షాపు వాడు చిల్లర లేదని చాక్లెట్ ఇస్తే దాన్నీ వాసన చూస్తాను. "నన్ను గూడ వాసన జూసే చేసుకున్నవా ఏంది?" అని మా ఆవిడ అప్పుడప్పుడూ అడిగేది.

ఇప్పుడు అడగదు. వాసన ఊసెత్తితే ఆమె మొహం మారిపోతుంది. కరోనా ఇంటింటికీ తిరిగినప్పుడు మా ఇద్దరికీ వచ్చింది. నాకు పది రోజుల్లో పోయింది. ఆమెకు జ్వరం పోయింది, దగ్గు పోయింది, ముక్కు మాత్రం తిరిగి పనిలోకి రాలేదు. దవాఖానలో డాక్టరు "వస్తదమ్మా, మెల్లగ వస్తది" అన్నాడు. ఇంకా రాలేదు.

అప్పటినుంచి ఆమె కళ్లతో, చెవులతో వండుతుంది. పోపు చిటపటలు వింటుంది. మంట రంగు చూస్తుంది. పప్పు అడుగంటుతుంటే నేను ముందు గదిలోంచి అరవాలి. ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు పాడైన చేపల పులుసు తెలియక తిని, మూడు రోజులు దవాఖానలో పడుకుంది. ఆ తర్వాత బయటి తిండి ముట్టడం మానేసింది. పెళ్లికి పోయినా తన డబ్బా తను తెచ్చుకుంటుంది. నోట్లో పెట్టుకునేది మంచిదో కాదో తనకు తెలియదు, తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఆమెకు ఒక కోరిక ఉంది. పెళ్లయి వచ్చిన కొత్తలో గోదావరి వంతెన మీద నిలబడి అడిగింది, "గీ నీళ్లన్ని యాడికి పోతయి?" అని. సముద్రంలోకి అన్నాను. "చూపిస్తవా?" అంది. "రిటైర్ కానీ" అన్నాను. అప్పుడు నాకు పాతికేళ్లు. అంత దూరపు గడువు పెడితే ఎవరు గుర్తుంచుకుంటారని నా ధీమా. ఆమె మధ్యలో ఒక్కసారీ అడగలేదు. నేను రిటైరైన మర్నాడు, మెళ్లో వేసిన దండలు ఇంకా వాడకముందే, చాయ్ గ్లాసు ముందు పెట్టి "ఎప్పుడు పోదం?" అంది.

లాడ్జీల్లో వంట కుదరదు. బస్సులో గంటలకొద్దీ కూర్చుంటే ఆమె కాళ్లు వాస్తాయి. ఆలోచించి ఆలోచించి, ఒక బడివాళ్లు అమ్మేస్తున్న పాత మినీ బస్సు కొన్నాను. సీట్లు పీకించి మంచిర్యాలలో బండ్లకు బాడీ కట్టే మేస్త్రీకి అప్పజెప్పాను. పడుకోవడానికి రెండు బల్లలు, ఒక అల్మారా, నీళ్ల ట్యాంకు, వెనక పరదా కట్టిన స్నానాల మూల. ఆమె ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి వంటగట్టు మాత్రం నేలకు జానెడు ఎత్తులో పెట్టించాను, పీట వేసుకొని కూర్చుని వండుకునేట్టు.

కాలనీవాళ్లు దానికి సంసారం బండి అని పేరు పెట్టారు. ఎదురు క్వార్టర్ పెద్దాయన, అందరం కాక అని పిలుస్తాం, ఆయనైతే "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతనన్నదట. మంచిర్యాల దాటని మనిషివి, సముద్రం దాక పోతవారా నువ్వు?" అని నలుగురిలో నవ్వాడు. బండి చూడటానికి వచ్చినవాళ్లందరినీ నేను తలుపు దగ్గర ఆపి జేబులు తడిమి లోపలికి పంపించాను. కాక జేబులో బీడీకట్ట దొరికింది. బయటే పెట్టించాను. అదీ ఆయన కోపం.

అంతా అయింది. పొయ్యి దగ్గర మాత్రం ఆగిపోయాం.

నా బామ్మర్ది, అంటే మా ఆవిడ తమ్ముడు, గోలేటి వైపు బాయిలో ఎలక్ట్రీషియన్. ఇంకా సర్వీసులో ఉన్నాడు. వాడిది ఒకటే మాట.

"బావా, సిలిండర్ గిలిండర్ వద్దు. పైన సోలార్ పలకలేద్దం, కింద బ్యాటరీలు పెడ్దం. ఇండక్షన్ పొయ్యి, కరెంటు కెటిలు, చిన్న ఫ్రిజ్జు. అక్కకు వాసన రాదాయె. గ్యాస్ లీకైతే ఏం జేస్తది?"

మాట సబబుగానే ఉంది. అదే నాకు నచ్చలేదు. మరీ సబబుగా ఉన్న మాట వెనక ఎవరికేం లాభం ఉందో చూడాలి. వాడికి బ్యాటరీలు అమ్మే దోస్తు ఒకడున్నాడు. పైగా వాడు క్వార్టర్లో పెరిగినవాడు. మా క్వార్టర్లలో కరెంటు అంటే కంపెనీది. పొద్దున పెట్టిన కాయిల్ హీటరు పొద్దుగూకే దాకా ఎర్రగా కాలుతూనే ఉండేది, దాని మీద గిన్నెడు నీళ్లు పనిలేక మరుగుతుండేవి. అలా పెరిగినవాడికి బ్యాటరీ కరెంటుకు గిన్నెలో అన్నంలా ఒక అడుగు ఉంటుందని, తోడుతూ పోతే ఖాళీ అవుతుందని ఎట్లా తెలుస్తుంది? మూడు రోజులు ముసురు పట్టి ఎండ రాకపోతే బండిలో ఏం వండుకోవాలి, వాడి దోస్తు విజిటింగ్ కార్డు ఉడకబెట్టుకోవాలా?

అయినా వాడు ఊరుకోలేదు. ఒక ఆదివారం ఇండక్షన్ పొయ్యి పట్టుకొచ్చి మా వసారాలో పెట్టాడు. మా ఆవిడ తన జొన్న రొట్టెల పెనం తెచ్చింది. వాళ్లమ్మ ఇచ్చిన ఇనుప పెనం అది, అడుగు గుండ్రంగా గిన్నెలా ఉంటుంది. దాన్ని పొయ్యి మీద పెట్టగానే కీ కీ అని అరిచి ఆరిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అరిచింది.

"ఏమైందిరా?" అంది.

"అడుగు సాపుగ ఉండాలె అక్కా. గిట్ల వంగి ఉంటె పొయ్యికి కనవడదు."

"నా పెనమే కనవడని పొయ్యి, నా రొట్టె ఏం కాలుస్తదిరా?" అని ఆమె పెనం తీసి ఒళ్లో పెట్టుకుంది.

వాడు స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టి మరిగించి చూపించాడు. ఆమె వంగి గిన్నె కిందికి చూసింది. నల్లటి అద్దం తప్ప ఏమీ లేదు. చాలాసేపు చూసింది. "ముక్కు ఎట్లనో పోయింది. మంటన్న కండ్ల వడాలె గదరా నాకు. అది అంటుకున్నదో ఆరిందో తెల్వకుంట ఎట్ల వండాలె?" అంది. బామ్మర్ది పొయ్యి తీగ చుట్టుకున్నాడు.

జవాబు నా దగ్గర ఉంది. నేను గ్యాసే అన్నాను. ముప్పై ఏళ్లు గ్యాసును పట్టినవాణ్ణి, గ్యాసు పేరెత్తితే వద్దనాల్సింది నేనే అని అందరూ అనుకున్నారు. నా లెక్క వేరు. కరెంటు దొంగది, చెప్పి రాదు. ఇంటి గ్యాసు అట్లా కాదు, దానికి వాసన కలిపి పంపిస్తారు. బాయి గ్యాసుతో పోలిస్తే ఇది మర్యాదస్తురాలు, వచ్చే ముందు గొంతు సవరించుకొని వస్తుంది. కరెంటు బామ్మర్ది చేతిలో ఉంటుంది, గ్యాసు నా చేతిలో ఉంటుంది. నిజం చెప్పాలంటే అన్నిటికంటే పెద్ద కారణం అదే.

"నాకు తెల్వకుంట లీకైతే?" అని మా ఆవిడ అడిగింది.

"నేనున్న గదనే. నా ముక్కు నీదే అనుకో. పొయ్యి ముట్టిచ్చే ముందు రోజూ నేను జూసి చెప్త. నేను చెప్పినంకనే ముట్టియ్యి."

ఆమె నా మొహం వైపు చూసి తలూపింది. బాయిలో నా సుద్దరాత చూసి వందలమంది పనిలోకి దిగారు. ఆ తలూపు ముందు అదేమీ కాదనిపించింది.

మేస్త్రీ సిలిండర్ బిగించాడు. వాడు బిగించిన రబ్బరు పైపు క్లిప్పు మీద నాకు నమ్మకం కుదరలేదు. కొత్త క్లిప్పు అన్నాడు గానీ చూస్తే పాతదిలా ఉంది. విప్పి, నా దగ్గరున్నది వేసి నేనే బిగించాను. పైకప్పుకు నాలుగు మూలలా గాలి పోయే కంతలు కొట్టించాను. గ్యాసు వస్తే కూసే అలారం ఒకటి తెప్పించాను. దాంతో పాటు ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. మేస్త్రీ ఆ కాగితం చేతిలో పట్టుకొని నసిగాడు.

"సార్, దీన్ని కింద, నేల దగ్గర పెట్టాలని బొమ్మ ఉన్నది."

"నువ్వెన్నేండ్లు గ్యాస్ పట్టినవ్?" అన్నాను.

వాడు కాగితంలో బొమ్మ మీద వేలు పెట్టాడు.

"గ్యాస్ పైకి పోతది. నా జిందగీ అంత పైనే పట్టిన. ఆ కాగితం రాసినోడు ఏసీ రూమ్ల కూసుండి రాసిండు. పైన కొట్టు."

పైన కొట్టాడు, సరిగ్గా నా తల ఎత్తులో. కాగితం నేను తీసుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకొని చదివాను కూడా. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. ఈ రకం గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పేరుకుంటుంది అని ఉంది. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాను. బరువు గ్యాసులు కిందికి పోతాయని నాకు తెలియదా? బొగ్గు తీసి వదిలేసిన పాత జాగాల్లో నేలబారున చేరే ఊపిరాడని గాలి గురించి కొత్తవాళ్లకు పాఠం చెప్పింది నేనే. కానీ మేస్త్రీ ముందు ఆడిన మాట వెనక్కి తీసుకోవాలంటే మళ్లీ మంచిర్యాల పోవాలి, వాడి ఎదుట నిలబడాలి. చూద్దాంలే అనుకున్నాను. అలారం కింద సుద్దముక్కతో తేదీ, సంతకం వేశాను.

సముద్రానికి పోయే ముందు గోలేటి దాకా ఒక పరీక్ష ప్రయాణం పెట్టుకున్నాం. బామ్మర్ది క్వార్టర్ దగ్గర ఆపి, వాడు ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చేసరికి జొన్న రొట్టెలు, పచ్చిపులుసు చేసి పెట్టాలని ఆమె ప్లాను. మధ్యాహ్నం బయల్దేరాం. దారి పొడుగునా బొగ్గు లారీలు. దుమ్ము లోపలికి రాకుండా కిటికీలన్నీ మూశాం. గుంతల్లో బండి ఎగిరిపడ్డప్పుడల్లా వెనక గిన్నెలు గలగలమన్నాయి. ఆమె నా పక్క సీట్లో కూర్చుని గిన్నెల సప్పుడు వింటూ, "అది సత్తు గిన్నె. అది పెనం. అది నీ చెంబు" అని లెక్కపెడుతూ నవ్వింది. చాలా రోజుల తర్వాత అంత నవ్వడం.

గోలేటిలో వాడి క్వార్టర్ పక్కన వేపచెట్టు నీడకు బండి ఆపాను. నేను దిగి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టేలోపు ఆమె పక్క తలుపు తీసుకొని లోపలికి పోయింది. పీట వేసుకుంది. పిండి కలిపింది. నేను లోపలికి వచ్చేసరికి పెనం పొయ్యి మీద పెట్టి, లైటరు చేతిలో పట్టుకొని నాకోసం చూస్తోంది.

"వాసన చూడు" అంది.

నేను అలారం దగ్గర నిలబడ్డాను. పచ్చ లైటు వెలుగుతోంది. తల ఇంకాస్త పైకెత్తి, కళ్లు మూసుకుని, కప్పు దగ్గర గాలి నిండుగా పీల్చాను. చెయ్యి కూడా దానంతటదే పైకి లేచింది, దీపం పట్టుకున్నట్టు. కంతల్లోంచి వేపపూత వాసన వచ్చింది. ఇంకేమీ లేదు.

"ఏం లేదు. ముట్టియ్యి" అన్నాను.

అదే నిమిషంలో బామ్మర్ది వచ్చాడు, వాణ్ణి చూసి ఆమె చెయ్యి ఆగింది. డ్యూటీ బూట్లతో ఉన్నాడు. అక్క శుభ్రం సంగతి తెలుసు కాబట్టి లోపలికి రాకుండా తలుపు మెట్టు మీద కూర్చుని, తల వంచి తాళ్లు విప్పుకుంటున్నాడు. ఉన్నట్టుండి తల లేపాడు.

"అక్కా, ఆగు! గ్యాస్ వాసనొస్తుంది!"

"యాడ?" అన్నాను.

"ఈడ్నే బావా. గుప్పుమంటుంది."

నేను అలారం చూపించాను. "అది కూస్తలేదు. నేను ఇప్పుడే జూసిన. నీకు మొదటి సంది గ్యాస్ మీద కండ్ల మంట. బ్యాటరీలు పెట్టిచ్చుడే నీకు గావాలె, అందుకే గిట్ల డ్రామా."

"డ్రామా ఏంది బావా! నీ పెండ్లాం చేతిల లైటరున్నది!"

ఆ మాటకు కూడా నేను తగ్గలేదు. ఇప్పుడు తలుచుకుంటే చెమట పడుతుంది. వాడు అరుస్తున్నాడు, నేను అరుస్తున్నాను, మధ్యలో పీట మీద ఆమె. ఏమీ తెలియని ముక్కుతో ఒకసారి తమ్ముడి వైపు, ఒకసారి నా వైపు చూసింది. మా ఇద్దరిలో ఎవరిని నమ్మాలో ఆ క్షణంలో ఆమే తేల్చుకోవాలి. నేను ముట్టించమన్నాను. నా మాట మీద ముట్టిస్తుందనే అనుకున్నాను.

ఆమె లైటరును మెల్లగా బట్టలో చుట్టి తమ్ముడి చేతికిచ్చింది. పీట మీంచి లేచింది. నా భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది.

"కూసో."

"ఏంది?"

"నేను కూసున్న కాడ కూసో. కూసుండి జూడు."

కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి, ఒక చేత్తో గట్టు పట్టుకొని కూర్చున్నాను. ఊపిరి తీసుకున్నానో లేదో గ్యాసు మొహం మీద కొట్టింది. కళ్లు మండాయి. నేల మీద, ఆమె కాళ్లు పెట్టుకున్న చోట, పిండి గిన్నె చుట్టూ, మోకాలెత్తు దాకా గ్యాసు నీళ్లలా నిలిచి ఉంది. కప్పు కంతలు నాలుగూ తెరిచే ఉన్నాయి. అలారం పచ్చగా, చల్లగా వెలుగుతూనే ఉంది.

అప్పుడు నాలోని సర్దార్ లేచాడు గానీ లేచి ఏం లాభం. "ఎవరు స్విచ్ ముట్టకుండ్రి" అని అరిచి సిలిండర్ కట్టేశాను. ఆమెను చెయ్యి పట్టుకొని దింపాను. రెండు తలుపులూ తెరిచి, నేనూ బామ్మర్దీ గోనెసంచులు పట్టుకొని, బాయిలో గాలి తోలినట్టు, నేల బారున గ్యాసును బయటికి తోలాం. గుంతల్లో ఎగిరి ఎగిరి పైపు క్లిప్పు వదులైంది. మేస్త్రీది కాదు, నేను అనుమానపడి మార్చిన క్లిప్పు.

వేపచెట్టు కింద ఆమె కాళ్లు చాపుకొని కూర్చుంది. బామ్మర్ది నీళ్లు తెచ్చిచ్చి లోపలికి పోయాడు. దెప్పి ఉంటే బాగుండేది. నేను ఆమె పక్కన కూలబడ్డాను.

ఆమె నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి అంది. కోపంగా కాదు, కూరలో కారం ఎక్కువైందన్నట్టు మామూలుగా అంది.

"బాయిల అందరి కోసం వాసన జూసినవ్. ఇన్నేండ్లల నా పొయ్యి కాడ ఒక్కనాడన్న కూసున్నవా?"

కూర్చోలేదు. పెళ్లయిన కొత్తలో, హీటర్లు రాకముందు, క్వార్టర్లో బొగ్గు పొయ్యి ఉండేది. చిన్న వంటగది, ఒకటే కిటికీ. ఆమె పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, దగ్గుతూ, ఊదుగొట్టంతో ఊదేది. నేను షిఫ్టు దిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఈ రోజు ఎక్కడ ఎంత గ్యాసు పట్టానో గొప్పగా చెప్పేవాణ్ణి. గుమ్మం దగ్గర పొగ పైకి పోతుంది, నాకు ఇబ్బంది ఉండేది కాదు. కింద ఆమె ఏం పీల్చిందో నేనెప్పుడూ వంగి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. గోలేటిలో, పట్టపగలు, బామ్మర్ది క్వార్టర్ ముందు, అరవై దాటిన మనిషిని ఏడ్చాను.

"కింద పెట్టాలని ఎవ్వరు చెప్పలేదా నీకు?" అని ఆమె అడిగింది.

"లేదు" అన్నాను.

ఏడుస్తూనే అబద్ధం ఆడాను. కాగితం చొక్కా జేబులోనే ఉంది.

తర్వాత బండిని మళ్లీ మంచిర్యాల తీసుకుపోయాం. ఈసారి ఆమే మాట్లాడింది. సిలిండర్‌కు బండి బయట డబ్బా, దాని అడుగున కంతలు. వంటగట్టు పక్కన నేలకు జాలీ. అలారం నేల నుంచి బెత్తెడు ఎత్తులో. క్లిప్పు మేస్త్రీదే. మంట కనపడాలి కాబట్టి గ్యాసు పొయ్యి ఉంటుంది. చాయ్‌కి, లైట్లకు, ఫ్యానుకు తమ్ముడి సోలార్ పలక ఒకటి ఉంటుంది. "ఇద్దరిని సగం సగం నమ్ముత" అంది. మేస్త్రీ నా వైపు చూడకుండా పాత మేకులు పీకడం మొదలుపెట్టాడు. వాడు మంచివాడని ఆ రోజు ఒప్పుకున్నాను. అయినా వాడు బిగించిన ప్రతి క్లిప్పునూ వేలితో కదిపి చూశాను. బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆ కాగితం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పారేయడానికి ధైర్యం చాలలేదు, చూపించడానికీ చాలలేదు. చొక్కా మార్చినప్పుడల్లా ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చుకుంటూ తిరిగాను.

సముద్రానికి బయల్దేరిన పొద్దున కాలనీ అంతా చూడటానికి వచ్చింది. కాక కూడా వచ్చాడు, బీడీకట్ట ఇంటి దగ్గరే వదిలి. మా ఆవిడ కొత్త చీర కట్టుకొని బండి తలుపు దగ్గర నిలబడింది. నేను ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"చేతులెత్తు."

అందరూ నవ్వారు. "అట్లనే గావాలె సర్దార్‌కు!" అని కాక చప్పట్లు కొట్టాడు. నేనూ నవ్వుతూ చేతులెత్తాను. ఆమె ప్యాంటు జేబులు తడిమింది. చొక్కా జేబు తడిమింది. మడతలు నలిగిపోయిన కాగితం బయటికి వచ్చింది. నా నవ్వు ఆగిపోయింది.

ఆమెకు ఇంగ్లీషు రాదు. బొమ్మ చూసింది. బొమ్మలో గోడ, నేల, నేల దగ్గర చిన్న డబ్బా, పైన అడ్డంగా కొట్టేసిన ఇంకో డబ్బా. చదువు అక్కర్లేని బొమ్మ.

"ఇది ఎప్పటిది?" అని మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు అడిగింది.

"అలారంతోటి వచ్చింది."

"చదివినవా?"

"చదివిన."

"గోలేటికి పోకముందా?"

చేతులు ఇంకా పైకే ఉన్నాయి. "ముందే" అన్నాను.

ఆమె కాగితం మడిచింది. చింపుతుందనుకున్నాను, తిరిగి ఇంట్లోకి పోతుందనుకున్నాను. పోయినా అడ్డం చెప్పే ముఖం నాకు లేదు. ముప్పై అయిదేళ్లు దాచుకున్న సముద్రాన్ని ఆమె ఆ గుమ్మం దగ్గరే వదిలేసినా తప్పు నాదే. ఆమె గోదావరి వంతెన ఉన్న వైపు ఒకసారి చూసింది. కాగితాన్ని తన బొడ్లో దోపుకుంది. చెయ్యి చాపింది.

"సుద్ద ఇటియ్యి."

ఇచ్చాను.

"లోపలికి పోయి పీట మీద కూసో. కూసుండి జూడు. నిజం చెప్పు."

పోయి కూర్చున్నాను. తల వంచి, నేల దగ్గర గాలి పీల్చాను. ఇనుము, కొత్త రంగు, ఆమె పిండి డబ్బా వాసన తప్ప ఏమీ లేదు. రెండోసారి చూశాను. మూడోసారి కూడా చూశాను. "లేదు. నిజంగనే లేదు" అన్నాను.

ఆమె ఆయాసపడుతూ ఒంగి, నేల దగ్గర అలారం పక్కన తేదీ వేసింది. దాని కింద సంతకం పెట్టింది. ఆమె సంతకం నేను పెళ్లయినప్పటి నుంచి రేషన్ కాగితాల మీద తప్ప చూడలేదు, అక్షరం అక్షరం విడిగా రాస్తుంది.

"ఇగ నుంచి సంతకం నాది. నేను పెట్టినంకనే బండి కదలాలె" అంది.

ఆమె ముందు సీట్లో కూర్చునే దాకా నేను తాళం చెవి తిప్పలేదు.